సొంత సెలవు పెట్టి చదువుకోవద్దన్నారు

"నీ సెలవులు వాడుకుని, నీ డబ్బు కట్టుకుని కోర్సుకి వెళ్తున్నావా? నలుగురు ఇలా చేస్తే రేపు మా అందరినీ అలాగే చదువుకోమంటారు. మేం కొట్లాడి తెచ్చుకున్నదాన్ని నువ్వు ఊరికే వదిలేస్తున్నావు."

క్యాంటీన్‌లో, తింటున్న వాళ్లందరి ముందూ, మా కమిటీ మెంబరు ఒకావిడ నన్ను అన్న మాటలివి. నేను జర్మనీలో డోర్ట్‌మండ్ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఉద్యోగులు ఓట్లేసి ఎన్నుకునే కమిటీ ఒకటుంటుంది, బెట్రీబ్స్‌రాట్ అంటారు. పనివేళలు, షిఫ్టులు లాంటి విషయాల్లో వాళ్లు ఒప్పుకోకుండా యాజమాన్యం ముందుకు పోలేదు. ఆవిడ ఎవరినీ నోరు జారి అనే మనిషి కాదు. నేను కొత్తగా వచ్చి ఇల్లు దొరక్క తిరుగుతున్నప్పుడు నాకోసం పది ఫోన్లు చేసిన మనిషి. అలాంటావిడ అనేసరికి చాలా బాధనిపించింది. సొంత కష్టంతో చదువుకోవడం కూడా తప్పేనా?

మనకి అది తప్పెలా అవుతుంది? మాది గోదావరిఖని. నాన్న సింగరేణిలో చేశాడు. నేను ఇంజినీరింగ్ అయ్యాక అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి, పొద్దున బ్యాచ్‌లో కోర్సు, పగలు ఉద్యోగం, రాత్రి ప్రాక్టీసు చేసుకున్నవాణ్ణి. ఫీజు కోసం నాన్న చీటీ ఎత్తాడు. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల మెట్లెక్కి పైకొచ్చిన వాళ్లు ఇవాళ ఎన్ని దేశాల్లో ఉన్నారో లెక్కలేదు. అక్కడ నీ వయసెంత, నీ డిగ్రీ ఏంటి, నీ కంపెనీ ఒప్పుకుందా అని ఎవరూ అడగరు. ఫీజు కట్టి కూర్చుంటే చెబుతారు. జర్మనీలో ప్రతి పనికీ ఒక సర్టిఫికెట్, దానికో గుర్తింపు, దానికో ఆఫీసు. ఆ తలుపుల ముందు నిలబడినప్పుడల్లా నాకు అమీర్‌పేట విలువ ఇంకా తెలుస్తుంది. అందుకే నా సెలవుల్లో నేను ఆడిటర్ కోర్సు చేసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

కానీ ఆవిడ అన్నది ఆ తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు. కూర్చుని ఇక్కడి చదువు సెలవు చట్టం చదివాను.

మా రాష్ట్రం నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో 1985 నుంచీ ఈ చట్టం ఉంది. ఆరు నెలలు సర్వీసు ఉన్న ఉద్యోగికి చదువుకోవడానికి ఏడాదికి 5 రోజులు సెలవు. ఆ 5 రోజులూ జీతం వస్తుంది, మామూలు సెలవుల్లోంచి ఒక్క రోజు కూడా తగ్గదు. కోర్సు ఫీజు మాత్రం మనమే కట్టుకోవాలి. కనీసం ఆరు వారాల ముందు కాగితం ఇవ్వాలి. కంపెనీ కాదనాలంటే పనికి నిజంగా అడ్డమయ్యే కారణం చూపించాలి, అదీ మూడు వారాల్లోపు రాతలో చెప్పాలి. బవేరియా, శాక్సనీ తప్ప మిగతా రాష్ట్రాలన్నీ ఇలాంటి చట్టాలు చేసుకుని అమలు చేస్తూ వచ్చాయి. దీని వెనక అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లో చేసిన 140వ ఒప్పందం ఉంది. పనిచేసేవాళ్లకి జీతంతో చదువు సెలవు ఇవ్వాలన్నది దాని సారం. జర్మనీ 1976లో దాన్ని ఆమోదించింది. మన దేశం ఇంతవరకూ ఆమోదించలేదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది వేరే సంగతి. ఈ సెలవు కంపెనీకి పనికొచ్చే చదువుకే ఇస్తారనుకున్నాను. కాదు. ఉద్యోగానికి సంబంధించిన చదువు ఒక రకం, రాజకీయ, సామాజిక విషయాల చదువు రెండో రకం. రెండింటికీ సమాన హక్కు.

మా స్టోర్స్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన ఉన్నాడు. కుర్రతనంలో బొగ్గు గనిలో చేరి, గని మూతపడే రోజులు రాగానే వేరే పని నేర్చుకుని బయటికొచ్చాడు. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. ఆయన మొన్న శరత్కాలంలో ఐదు రోజులు సెలవు పెట్టి ఈ రూర్ ప్రాంతపు గనుల చరిత్ర మీద కోర్సుకి వెళ్లొచ్చాడు. జీతంతో! ఈ వయసులో అదెందుకని అడిగాను. "నలభై ఏళ్లు ఫ్యాక్టరీకి పనికొచ్చేవి నేర్చుకున్నాను. ఇది నాకోసం" అన్నాడు. నాన్న వయసు మనిషి. ఆ మాట అంటుంటే ఆయన ముఖంలో ఉన్న గౌరవం, తనమీద తనకున్న గౌరవం, మా నాన్న ముఖంలో చదువు మాట వచ్చినప్పుడు నేనెప్పుడూ చూడలేదు. నాన్నకి చదువంటే పిల్లల కోసం కట్టే ఫీజు.

నాన్నని తక్కువ చేయడానికి అనడం లేదు. సింగరేణిలో కూడా గని కార్మికుడికి ట్రైనింగ్ ఉంది. 1966 నాటి రూల్స్ ప్రకారం రిఫ్రెషర్ ట్రైనింగ్‌కి వీటీసీకి, అంటే వృత్తి శిక్షణ కేంద్రానికి పంపేవాళ్లు, ఆ రోజులకి నాన్నకి మస్టర్ పడేది. గని కింద ప్రాణం నిలవాలంటే ఆ చదువు కావాలి, దానికి పెద్దలు కొట్లాడారు, సాధించారు. కాబట్టి పనిరోజున చదువు, చదువు రోజుకి జీతం అన్నది మనకి తెలియని సంగతేమీ కాదు. గని దాటి బయటికి రాలేదు, అంతే. రూర్‌లో చివరి బొగ్గు గని 2018 డిసెంబరులో బోట్రోప్‌లో మూసేశారు. దశాబ్దాల ముందునుంచే కార్మికుల్ని వేరే పనులకి తయారుచేస్తూ, వయసైన వాళ్లని ముందుగా పెన్షన్ మీద పంపుతూ వచ్చారు. మా ఊళ్లో భూగర్భ గనులు తగ్గి ఓపెన్ కాస్టులు, కాంట్రాక్టు పనులు పెరిగినప్పుడు బయట మిగిలిపోయిన కుర్రాళ్లతో నేను క్రికెట్ ఆడాను. వాళ్లకి ఎవరు ఏం నేర్పారు?

ఇంకొకటి ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది. అమీర్‌పేట అందరికీ తెరిచే ఉందన్నాను కదా. మా అక్క నాకన్నా బాగా చదివేది. పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా కరీంనగర్‌లో ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చేస్తోంది. జీఎస్‌టీ వచ్చినప్పుడు ఆ కోర్సు నేర్చుకోవాలనుకుంది. ఆఫీసు వదిలేసరికి సాయంత్రం, ఇంటికొస్తే వంట, పిల్లల హోంవర్కు, అత్తగారి మందులు. ఆదివారం బ్యాచ్‌లో చేరి రెండు క్లాసులకే మానేసింది. రాత్రుళ్లు చదువుకుని పైకి రావడమన్నది ఇంట్లో అన్నం వండి పెట్టే మనిషి ఉన్నవాడికి కుదిరింది. నాకు కుదిరింది. అక్కకి కుదరలేదు. పగలు, పనివేళల్లో, జీతంతో ఐదు రోజులిచ్చి ఉంటే అది నేర్చుకుని ఉండేది. ఆ ఐదు రోజుల్ని నేను ఇక్కడ అడక్కుండా వదిలేస్తే కమిటీ ఆవిడకి ఎందుకు కోపమొచ్చిందో అక్కని తలుచుకుంటే అర్థమైంది.

ఇక్కడ అంతా బాగుందని కాదు. హక్కున్న వాళ్లలో ఈ సెలవు వాడుకునేది చాలా కొద్దిమందే. మా రాష్ట్ర చట్టం పదిమంది కూడా లేని చోట పనిచేసేవాళ్లకి వర్తించదు. మా ఫ్యాక్టరీ తెల్లవారుజామున శుభ్రం చేసే ఆడవాళ్లు వేరే కాంట్రాక్టరు కింద పనిచేస్తారు. చట్టంలో వాళ్లకీ హక్కుంది. భాష నేర్చుకోవడానికి అడగొచ్చు కదా అంటే, అడిగితే వచ్చే నెల గంటలు తగ్గిస్తారన్న భయం చెప్పింది ఒకామె. ఆవిడకి జర్మన్ వస్తే ఆ చీపురు వదిలి వేరే పని చూసుకోగలదు. అందరికన్నా ఎక్కువ అవసరమున్న మనిషే అందరికన్నా తక్కువ అడగగలుగుతోంది.

యూరోపియన్ యూనియన్ పెద్దలకి ఈ సంగతి తెలియక కాదు. 2017లో గోథెన్‌బర్గ్‌లో సామాజిక హక్కుల పత్రం ప్రకటించినప్పుడు అందులో మొట్టమొదటి సూత్రమే చదువు, శిక్షణ, జీవితాంతం నేర్చుకునే హక్కు. 2030 కల్లా ఏటా 60 శాతం పెద్దవాళ్లు ఏదో ఒక శిక్షణలో ఉండాలని 2021లో పోర్టోలో లక్ష్యం పెట్టుకున్నారు. 2022 సర్వేలో అది 40 శాతం దగ్గరే ఉంది. అదే ఏడాది ప్రతి మనిషి పేరుమీదా చదువు ఖాతా తెరవమని సభ్యదేశాలకి చెప్పారు. ఉద్యోగం మారినా, పోయినా ఆ ఖాతా మనిషితోనే ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఇలాంటిది ముందునుంచే ఉంది, మామూలు ఉద్యోగికి ఏడాదికి 500 యూరోలు, మొత్తం 5,000 దాకా జమవుతాయి. కానీ యూరోపియన్ యూనియన్ చెప్పింది సిఫారసు మాత్రమే, చేసి తీరాలన్న బలవంతం లేదు. నా దృష్టిలో అక్కడే అసలు లోపం. సభ్యదేశాలు గట్టిగా కట్టుబడాల్సిన నియమం మాత్రం ఒకటుంది. చట్టప్రకారం యజమాని తప్పనిసరిగా ఇవ్వాల్సిన శిక్షణకి ఉద్యోగి దగ్గర పైసా తీసుకోకూడదు, ఆ సమయాన్ని పనివేళల కింద లెక్కించాలి. 2019 నాటి ఆదేశం అది, 2022 ఆగస్టు నాటికి అన్ని దేశాలూ అమలుచేయాలి.

అది చదువుతుంటే హైదరాబాదులో నేను సంతకం పెట్టిన ట్రైనింగ్ బాండు గుర్తొచ్చింది. రెండేళ్లలోపు మానేస్తే మాకు పని నేర్పిన ఖర్చు మేమే కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. మా బ్యాచ్‌లో ఎవరికీ అది వింతగా అనిపించలేదు.

మన దేశంలో 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కొత్త నైపుణ్యాల నిధి అని పెట్టారు. రిట్రెంచ్‌మెంట్‌లో తీసేసిన కార్మికుడి కోసం యజమాని 15 రోజుల జీతానికి సమానమైన సొమ్ము అందులో వేయాలి, 45 రోజుల్లో అది ఆ మనిషి ఖాతాలో పడాలి. లేనిదానికన్నా నయం. కానీ ఆ సొమ్ము ఉద్యోగం పోయాక వస్తుంది. అప్పటికి ఇంటి అద్దె, పిల్లల ఫీజు ముందుంటాయి, కోర్సు సంగతి ఎవరు ఆలోచిస్తారు? ఉద్యోగం ఉండగానే, జీతంతో, ఏడాదికి ఐదు రోజులు కావాలి. హైదరాబాదులో ఐటీ ఉద్యోగుల సంఘాలు పనిగంటల గురించి, లేఆఫ్‌ల గురించి అడుగుతున్నాయి. ఈ ఐదు రోజుల్ని కూడా ఆ డిమాండ్లలో చేర్చండి. ఐటీ వాళ్లకే కాదు, కరీంనగర్‌లో అకౌంట్స్ రాసే వాళ్లకి కూడా కలిపి అడగండి.