నా గుండెకు ఆలస్యంగా తెలుస్తుంది

నేను పుట్టినప్పుడు నా గోళ్లు నేరేడు పండు రంగులో ఉండేవట. నాయనమ్మ చూసి, "గ్రహణం నాడు బయట తిరిగినవ్" అని అమ్మనే తిట్టింది. దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఇంకొందరు ఫ్లోరైడ్ నీళ్లన్నారు. మా దిక్కు ఏ రోగమొచ్చినా ముందు నీళ్ల మీదికే పోతుంది. కడుపులో పడ్డ మొదటి ఎనిమిది వారాల్లోనే గుండె తయారవుతుందని, ఇందులో తన తప్పేమీ లేదని హైదరాబాద్ డాక్టర్ చెప్పేదాకా అమ్మ ఆ మాటలు పడుతూనే ఉంది.

నా గుండెలో కుడివైపు పై గదికీ కింది గదికీ మధ్య కవాటమే ఏర్పడలేదు. ట్రైకస్పిడ్ అట్రీజియా అంటారు. పనిచేసే ఒక్క గదే అన్నిటికీ రక్తం తోయాలి. ఏడాది లోపు గ్లెన్, అయిదో ఏట ఫాంటాన్ ఆపరేషన్లు చేశారు. ఒంట్లోంచి తిరిగొచ్చే చెడు రక్తాన్ని గుండెతో పనిలేకుండా నేరుగా ఊపిరితిత్తులకు మళ్లించడమన్నమాట. గోళ్లకు ఎరుపొచ్చింది. బడికి పోయాను. ఆటల పీరియడ్‌లో అందరి చెప్పులు, వాచీలు నా కాపలాలోనే ఉండేవి.

పన్నెండేళ్లకు పొట్ట ఉబ్బడం మొదలైంది. ముందు చూపించిన చోట గ్యాస్ అని గోలీలిచ్చారు. నెల పోయింది. తీరా చూస్తే గుండె అలిసిపోయింది, ఒంట్లోని ప్రోటీన్ పేగుల్లోంచి పోతోంది. ఇక గుండె మార్చడమే అన్నారు. దానమిచ్చిన అవయవాలను వరుసప్రకారం పంచే సర్కారు పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించారు. తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో పెట్టాలి, రక్తం గ్రూపు కలవాలి, నా ఛాతీలో పట్టే సైజుండాలి. ఫోన్ వచ్చాక ఊరి నుంచి బయల్దేరితే కష్టమని వనస్థలిపురంలో చిన్నమ్మ ఇంట్లో ఉన్నాం. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో ఎవరికోసమో గుండె తీసుకుపోతుంటే టీవీలో చూశాం. అమ్మ చెరువుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కబోయి, జోడించిన చేతులు దించేసింది. "ఏమని మొక్కాలె? ఎవరి ఇంట్లనో..." అని ఆగిపోయింది. ఆ పూట ఎవరం సరిగా తినలేదు.

మొదటిసారి ఫోనొస్తే పోయి ఉత్తగానే తిరిగొచ్చాం. పొద్దంతా మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పడుకోబెట్టి, ఆ గుండె పనికిరాదన్నారు. అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం ఇక ఇడ్లీ తినొచ్చనిపించింది, అబద్ధమెందుకు. నెలన్నర తర్వాత అర్ధరాత్రి మళ్లీ పిలిచారు. ఎవరిదో చెప్పరు. మేమూ అడగలేదు.

ఐసీయూలో దాహం తప్ప ఏదీ సరిగా గుర్తులేదు. ఆ తర్వాత బతుకంతా గడియారమే. కొత్త గుండెను ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే గోలీ టాక్రోలిమస్, పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. రక్త పరీక్ష ఉన్న రోజు శాంపిల్ ఇచ్చాకే గోలీ. మెడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి గుండె కండ ముక్కలు తీసి చూస్తారు. ఆరో నెలలో, ఒళ్లు దాన్ని పరాయిదనుకుంటోందని తేలితే మూడు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. పంపర పనస తింటే రక్తంలో మందు ఎక్కువైపోతుంది, ముట్టొద్దన్నారు. నాయిన బెదురుతూ, "మాది బత్తాయి తోట సార్" అన్నాడు. బత్తాయికి అడ్డు చెప్పలేదు. ఆపరేషన్ సక్సెస్ అన్నప్పుడు కూడా ఆయన అంతలా నవ్వలేదు.

గుండె మార్చేటప్పుడు మెదడు నుంచి దానికి కబురు తెచ్చే నరాలు తెగిపోతాయి, వాటిని తిరిగి కలపరు. అందుకని నేను ఉరికినా, రక్తంలో అడ్రినలిన్ చేరేదాకా అది నిమ్మళంగానే ఉంటుంది. మొన్న కొండమల్లేపల్లిలో నల్గొండ బస్సు కదులుతుంటే దోస్తుతో కలిసి ఉరికాను. ఎక్కి కూర్చున్నాక దోస్తు ఆయాసం తగ్గింది. నాకు అప్పుడు మొదలైంది దడదడ. కండక్టర్ వచ్చి, "ఆధార్ చూపెట్టమ్మా" అన్నాడు. ఛాతీ మీది చెయ్యి తీసి బ్యాగులో వెతుకుతుంటే దోస్తు నా వైపు వంగి, "గిప్పుడు ఉరుకుతున్నదా?" అంది.