డెస్క్‌టాప్‌ని చవక విమానంలో లగేజీగా తీసుకెళ్లాను: నా అనుభవం

ఊరు మారాల్సి వచ్చింది. మిగతా సామాను తర్వాత నెమ్మదిగా వచ్చినా పర్వాలేదు గానీ డెస్క్‌టాప్ మాత్రం నాతోనే రావాలి, ఎందుకంటే దిగిన మర్నాటి నుంచే దాని మీద పని ఉంది. టికెట్ చూస్తే చవక విమానంలో దొరికింది, అక్కడ బరువు విషయంలో అసలు పట్టువిడుపు ఉండదు.

ముందు క్యాబినెట్‌ని, అంటే కంప్యూటర్ భాగాలన్నీ ఉండే డబ్బాని, తూకం వేశాను. అన్నీ బిగించి ఉన్న మిడ్ టవర్ (మధ్య సైజు నిలువు క్యాబినెట్) 12 కిలోలు దాటింది. ఇలాంటి ఎయిర్‌లైన్లలో చాలావాటికి క్యాబిన్ బ్యాగు హద్దు 7 కిలోలు, పైగా సైజు కూడా పట్టదు కాబట్టి చెక్-ఇన్ తప్ప దారి లేదు. చవక టికెట్లలో చాలాసార్లు చెక్-ఇన్ లగేజీ కలిసి రాదు, విడిగా కొనాలి, అది కౌంటర్ దగ్గర కన్నా ముందే ఆన్‌లైన్‌లో కొంటే బాగా తక్కువ పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదని చాలా చోట్ల రూలు. మిడ్ టవర్ పెట్టిన అట్టపెట్టె మామూలుగా అందులోకే వస్తుంది.

అసలు సంగతి ప్యాకింగ్. పెట్టె మీద బాణం గుర్తు వేసినా, ఫ్రాజైల్ స్టిక్కర్ అంటించినా అది ఏ పక్కకి పడుకుంటుందో, దాని మీద ఏం పెడతారో మన చేతిలో లేదు. నిలబెట్టిన టవర్‌లో గ్రాఫిక్స్ కార్డ్ (తెర మీద బొమ్మని తయారుచేసే భాగం) మదర్‌బోర్డ్ (మిగతా భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) స్లాట్‌కి అడ్డంగా వేలాడుతూ ఉంటుంది. పెద్ద కార్డులు కిలో పైనే ఉంటాయి, పెట్టె ఒక్కసారి గట్టిగా కింద పడితే ఆ బరువంతా స్లాట్ మీద పడుతుంది, స్లాట్ విరిగితే బోర్డు పోయినట్టే. ప్రాసెసర్‌ని చల్లబరిచే పెద్ద ఎయిర్ కూలర్లదీ ఇదే కథ, నాక్టువా ఎన్‌హెచ్-డి15 లాంటిది రెండు ఫ్యాన్లతో 1.3 కిలోలు ఉంటుంది. అందుకే నా నిర్ణయం ఒకటే: బోర్డుకి వేలాడే బరువు ఏదీ లోపల ఉండకూడదు.

విప్పే ముందు ప్రతి కేబుల్‌నీ ఫోన్‌లో ఫొటో తీశాను, ముఖ్యంగా పవర్ బటన్ నుంచి వచ్చే ఆ సన్న వైర్లని. కూలర్ తీసే ముందు సిస్టమ్‌ని కాసేపు నడిపి, ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, తర్వాత అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లాగాను. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లు పట్టే ఏఎం4 సాకెట్ బోర్డుల్లో, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటడానికి రాసే పేస్ట్ గట్టిపడి ఉంటే ప్రాసెసర్ కూడా కూలర్‌కి అంటుకుని సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. వేడిగా ఉన్నప్పుడు ఆ బాధ తక్కువ. ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ కదిలించలేదు, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎమ్‌పీఎస్ నాలుగు స్క్రూలతో గట్టిగా ఉంది కాబట్టి దాన్నీ వదిలేశాను. పక్కన ఉండే గ్లాస్ ప్యానెల్ తీసి తువ్వాళ్లలో చుట్టి బట్టల మధ్య పెట్టాను.

గ్రాఫిక్స్ కార్డ్, హార్డ్ డిస్కులు నాతో క్యాబిన్‌లోకి. ముందు స్టాటిక్‌ని (రాపిడితో పుట్టే విద్యుత్తుని) అడ్డుకునే యాంటీ స్టాటిక్ కవర్, దాని మీద బబుల్ ర్యాప్, ఈ వరుస తప్పకూడదు, ఉత్త బబుల్ ర్యాప్ నేరుగా బోర్డుకి తగిలితే స్టాటిక్ పుడుతుంది. స్క్రూడ్రైవర్ చెక్-ఇన్‌లోకి, పవర్ బ్యాంక్ చేతి సంచిలోకి. విడి లిథియం బ్యాటరీ ఏదీ చెక్-ఇన్‌లో వేయకూడదు. మదర్‌బోర్డ్ మీద ఉండే చిన్న నాణెం బ్యాటరీ పరికరంలోనే బిగించి ఉంటుంది కాబట్టి దాంతో ఇబ్బంది లేదు. డేటా బ్యాకప్ మాత్రం ఇంకో చోట ఉంచి బయల్దేరాను, డిస్కులు ఎంత భద్రంగా పట్టుకెళ్తున్నా సరే. మానిటర్ తీసుకెళ్లలేదు, కొన్నప్పటి పెట్టె, థర్మాకోల్ రెండూ లేకుండా ప్యానెల్‌ని లగేజీలో వేయడం నాకు మనసొప్పలేదు.

కౌంటర్‌లో కంప్యూటర్ అని చెప్పగానే ఒక ట్యాగ్ మీద సంతకం అడిగారు, పగిలిపోయే వస్తువుకి బాధ్యత మాది కాదు అని దాని సారాంశం. తర్వాత పెట్టెని మామూలు బెల్ట్ మీద వేయకుండా పెద్ద సామాను తీసుకునే చోట ఇమ్మన్నారు, అది నాకు కాస్త ఊరట. సెక్యూరిటీలో గ్రాఫిక్స్ కార్డుని విడిగా ట్రేలో పెట్టాను. దాని హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రేకులు) దట్టంగా ఉంటుంది కదా, ఎక్స్‌రేలో లోపల ఏముందో సరిగ్గా కనబడక బయటకి తీయించి, గుడ్డతో తుడిచి మెషిన్‌లో పరీక్ష చేశారు. టెన్షన్ పడాల్సిందేమీ లేదు, కంప్యూటర్ భాగం అని చెప్పి, కవర్ సులువుగా విప్పేలా ఉంచుకుంటే చాలు. ఎక్స్‌రే వల్ల హార్డ్ డిస్క్‌లో డేటా పోదు.

దిగాక బెల్ట్ దగ్గరే పెట్టె విప్పి చూశాను. ఒక మూల నలిగింది, లోపల ఫోమ్ ఉండటం వల్ల క్యాబినెట్‌కి గీత కూడా పడలేదు. దెబ్బ తగిలి ఉంటే హాలు దాటకముందే డ్యామేజీ రిపోర్టు రాయించుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాలకి వర్తించే 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం చెక్-ఇన్ సామాను పాడైతే అందుకున్న 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

చలి నుంచి వచ్చిన లోహం మీద తేమ పట్టే అవకాశం ఉంటుంది కాబట్టి కొన్ని గంటలు అలాగే వదిలి, తర్వాత పాత పేస్ట్ తుడిచి, కొత్తది రాసి, కూలర్, కార్డు బిగించి, ఆ ఊళ్లో అడిగి తెచ్చుకున్న మానిటర్ తగిలించాను. ఫ్యాన్లు తిరిగాయి, డిస్‌ప్లే రాలేదు. గుండె గుభేల్‌మంది గానీ, ప్రయాణం చేసిన సిస్టమ్‌లో ముందు చూడాల్సింది ర్యామ్ కదా, రెండు స్టిక్కులూ తీసి మళ్లీ టిక్‌మనేదాకా నొక్కాను. ఈసారి నేరుగా బయోస్ (కంప్యూటర్ మొదట్లో చూపించే సెట్టింగుల తెర) వచ్చింది, డిస్కులన్నీ కనబడ్డాయి.