డెలే బీ1: వీడ్కోలు మాటల పేజీని తిప్పేయకండి

డెలే అంటే స్పానిష్ భాషా సర్టిఫికెట్ పరీక్ష, బీ1 అందులో మధ్యస్థాయి. దానికి చదువుతున్నవాళ్ళు తిండి, ప్రయాణం, ఆరోగ్యం పదాలు అరిగేదాకా చదివి, వీడ్కోళ్ళ దగ్గరికొచ్చేసరికి ‘ఆదియోస్, ఆస్తా ల్వేగో వచ్చుగా’ అని పేజీ తిప్పేస్తుంటారు. నా లెక్కలో మాత్రం తక్కువ శ్రమకి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఆ పేజీయే.

రాత పరీక్ష మొదటి టాస్క్‌లో మనకొచ్చిన ఉత్తరానికో మెయిల్‌కో 100 నుంచి 120 పదాల్లో జవాబు రాయాలి. ఊరు వదిలి వెళ్తున్న స్నేహితురాలు పార్టీకి పిలవడం లాంటి సందర్భం దీనికి అచ్చంగా సరిపోతుంది. అసలు టాపిక్ ఏదైనా సరే, ఉత్తరాన్ని ఏదో ఒక వీడ్కోలుతో ముగించక తప్పదు కదా!

ఆ ముగింపులో చూసుకోవాల్సింది మర్యాద స్థాయి. ‘కెరీదా’ (ప్రియమైన) అని మొదలుపెడితే ‘ఊన్ అబ్రాసో’ (ఒక కౌగిలింత)తో, ‘ఎస్తిమాదో సెన్యోర్’ (గౌరవనీయులైన అయ్యా) అంటే ‘ఊన్ కోర్దియాల్ సలూదో’ (మర్యాదపూర్వక నమస్కారం)తో ముగించాలి. ఇది మనకి కొత్తేమీ కాదు. పెద్దాయన్ని ‘మీరు’ అని పలకరించి చివర్లో ‘ఉంటా రా’ అనం.

క్రియల దగ్గర కాస్త ఆగండి. వీడ్కోలు చెప్పడం ‘దెస్పెదీర్సె’. ‘నేను’తో వాడితే ‘మె దెస్పీదో’ అవుతుంది, ఎవరికి చెప్తున్నామో వాళ్ళ ముందు ‘దె’ వస్తుంది: ‘మె దెస్పీదో దె మిస్ అమీగోస్’. ఆ ‘సె’ లేని ‘దెస్పెదీర్’కి సాగనంపడమే కాక ఉద్యోగంలోంచి తీసేయడం అనే అర్థం కూడా ఉంది. బాస్ ఇచ్చిన పార్టీ గురించి రాస్తూ ‘మి హేఫె మె దెస్పిదియో’ అంటే చదివేవాళ్ళు మీ ఉద్యోగం పోయిందనుకుంటారు.

మన తెలుగు అలవాటు అడ్డొచ్చే చోటు ఇంకొకటుంది, దీన్ని క్లాసుల్లో పెద్దగా పట్టించుకోరు. పార్టీకి పిలిస్తే మనం ‘వస్తాను, ఏం తీసుకురమ్మంటావ్?’ అంటాం. స్పానిష్‌లో మాట్లాడేవాడు తానున్న చోటు నుంచే లెక్క చూస్తాడు. అందుకే జవాబులో ‘బెంగో’ (వస్తున్నా) కాదు, ‘బోయ్’ (వెళ్తున్నా) అనాలి. ‘కే త్రైగో?’ (ఏం తీసుకురాను?) కాదు, ‘కే యేబో?’ (ఏం తీసుకెళ్ళను?) అనాలి. పిలిచే మనిషి మాత్రం ‘బేన్’ (రా) అనొచ్చు. ఈ జంటని ఆహ్వానం, జవాబు రెండు వైపుల నుంచీ రాసి చూడండి.

శుభాకాంక్షలకైతే సబ్‌జంక్టివ్ (కోరికలు చెప్పేటప్పుడు వాడే క్రియారూపం) కావాలి. వ్యాకరణ పట్టికలు బట్టీపట్టడం నాకెప్పుడూ ఎక్కలేదు, వాక్యాలుగానే నేర్చుకున్నాను: ‘కే తె బాయా బియెన్’ (నీకంతా మంచి జరగాలి), ‘కే తెంగాస్ బ్వెన్ బియాహే’ (ప్రయాణం బాగా సాగాలి), ‘కే లో పాసెస్ బియెన్’ (సరదాగా గడుపు). ‘మీరు’ అని పిలవాల్సిన మనిషికైతే ‘తె’ స్థానంలో ‘లె’, ‘తెంగాస్’ బదులు ‘తెంగా’. నువ్వు గుర్తొస్తావని చెప్పడానికి స్పెయిన్‌లో ‘తె బోయ్ ఆ ఎచార్ దె మేనోస్’ అంటారు, లాటిన్ అమెరికాలో ‘తె బోయ్ ఆ ఎస్త్రన్యార్’ ఎక్కువ వినిపిస్తుంది. రెండూ చెల్లుతాయి. రాయడానికి ఒకటి చాలు, వినడానికి రెండూ తెలిసుండాలి.

పార్టీ పదాలు మరీ ఎక్కువ అక్కర్లేదు. వీడ్కోలు పార్టీకి ఫియెస్తా దె దెస్పెదీదా, పెళ్ళికి ముందు స్నేహితులు చేసే దెస్పెదీదా దె సొల్తేరో (అమ్మాయికైతే సొల్తేరా), రిటైర్మెంట్‌కి హుబిలాసియోన్, ఫలానావాళ్ళ పేరు మీద గ్లాసులెత్తడానికి ‘బ్రిందార్ పోర్’. ఇవి వస్తే నడిచిపోతుంది.

మార్కుల సంగతి గుర్తుంచుకోండి. చదవడం, రాయడం కలిపి 50. వినడం, మాట్లాడడం కలిపి ఇంకో 50. ఒక్కో జట్టులో 30 రావాల్సిందే. ఒకదాంట్లో 45 వచ్చి రెండోదాంట్లో 29 దగ్గర ఆగితే ‘నో ఆప్తో’ (ఫెయిల్)నే. సర్టిఫికెట్‌కి కాలపరిమితి లేదు కాబట్టి ఒక్కసారి గట్టెక్కితే చాలు.

ఓరల్‌కి ముందు ఇచ్చే 15 నిమిషాల ప్రిపరేషన్ మొదటి రెండు టాస్కులకే. మూడోదైన ఫొటో వర్ణన, దానికి సంబంధించిన నాలుగో టాస్క్ సంభాషణ అప్పటికప్పుడు చేయాల్సినవే. అందుకని ఈ వాక్యాలు నోట్‌బుక్‌లో ఉంటే సరిపోదు, నోట్లో ఆడాలి. తోడుగా చదివేవాళ్ళుంటే ఒకరు ఊరొదిలి వెళ్ళేవాళ్ళు, ఇంకొకరు ఉండిపోయేవాళ్ళు అనుకుని పిలుపు, కుదరదని సాకు, బహుమతి బేరం, చివరి వీడ్కోలు దాకా పైకి మాట్లాడండి. తర్వాత పాత్రలు మార్చుకుని, ఈసారి వెళ్ళేది మీ ప్రొఫెసర్ అనుకుని మళ్ళీ చేయండి. అప్పుడు ‘నువ్వు’తో వాడిన ప్రతి క్రియా ‘మీరు’కి మారుతుంది.