ఉచితంగా కావాలి, వెంటనే కావాలి

ఎస్వీ యూనివర్సిటీకి దగ్గర్లో మాది చిన్న జిరాక్సు, ఇంటర్నెట్ సెంటర్. వచ్చేవాళ్లలో ఎక్కువ మంది డిగ్రీ, పీజీ పిల్లలే. హాల్ టికెట్ల ప్రింట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ప్రాజెక్టు రిపోర్టులకు స్పైరల్ బైండింగ్. ఈ మధ్య వాళ్ల నోట తరచుగా వింటున్న ప్రశ్నలు రెండు: "దీనికి కూడా డబ్బులా అక్కా?", "ఇంకా కాలేదా అక్కా?"

మొన్న ఒక అమ్మాయికి ఫొటో సైజు తగ్గించి, సంతకం స్కాన్ చేసి, సర్వర్ మొరాయిస్తుంటే మళ్లీ మళ్లీ ప్రయత్నించి దరఖాస్తు పంపాను. యాభై రూపాయలు అడిగితే, "వెబ్‌సైట్ ఫ్రీనే కదా అక్కా" అంది. అందులో గడుసుతనం ఏమీ లేదు. నేను దేనికి అడుగుతున్నానో ఆ పిల్లకు నిజంగానే తెలియలేదు.

వాళ్లను తప్పుపట్టలేను. 2016 సెప్టెంబరులో జియో వచ్చేనాటికి వీళ్లు బడి పిల్లలు. మరుసటి ఏడాది మార్చి దాకా డేటా ఉచితమే. యూపీఐ వచ్చిందీ 2016లోనే. ఆ చెల్లింపుల మీద వ్యాపారుల నుంచి రుసుము తీసుకోకూడదని 2020 జనవరి నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. ఐదు రూపాయల జిరాక్సుకు కూడా స్కాన్ చేయించుకునే నాలాంటి వాళ్లకు అదెంత మేలో మాటల్లో చెప్పలేను. అయితే ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. చిన్న మొత్తాల యూపీఐ చెల్లింపులకు ప్రోత్సాహకంగా 2024-25 సంవత్సరానికి కేంద్రం సుమారు 1,500 కోట్ల రూపాయలు కేటాయించింది. అది మనందరి పన్నుల సొమ్ము.

ఉచితమంటే ఏమిటో తిరుపతి వాళ్లకు వేరే చెప్పాలా? కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతోంది. ఆ భోజనం దాతల విరాళాలతో నడుస్తోందని పంక్తిలో కూర్చున్న ప్రతివారికీ తెలుసు. సర్వదర్శనానికి టికెట్టు లేదు, గంటల తరబడి వేచి ఉండాలి. త్వరగా కావాలంటే 300 రూపాయల టికెట్టు. ఫోను మాత్రం ఈ రెండు దారులూ ఒకటేనని పిల్లలకు అలవాటు చేసింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మనుషుల కష్టం విషయం. ఒక పీడీఎఫ్‌ను వెయ్యి మంది దించుకున్నా అదనంగా అయ్యే ఖర్చు బహు స్వల్పం. బిర్యానీ పొట్లం అలా కాదు, ఒక మనిషి బండి మీద మోసుకురావాలి. అలా తెచ్చే కుర్రవాళ్లు బండి ఇన్సూరెన్స్ కాగితాల ప్రింట్ల కోసం నా దగ్గరికే వస్తారు. వాళ్లలోనూ చదువుకునేవాళ్లున్నారు. వానలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఇరుక్కుపోయి ఆలస్యమైతే, తన వయసు కుర్రాడే ఒక్క స్టార్ ఇచ్చాడని ఒకబ్బాయి చెప్పి చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. స్టార్ ఇచ్చినవాడికి తెర మీద కదిలే బండి బొమ్మ తప్ప వాన కనిపించి ఉండదు.

ఇప్పుడు కౌంటరు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. దరఖాస్తు నేను నింపితే యాభై రూపాయలు. తామే నింపుకుంటామంటే కంప్యూటరు ఇచ్చి, పక్కన కూర్చుని నేర్పుతాను, దానికి ఏమీ తీసుకోను. ఎక్కువ మంది యాభై ఇచ్చేస్తున్నారు. నేర్చుకుంటామని కుర్చీ లాక్కుని కూర్చునేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు ఎంతసేపైనా చెబుతాను.