క్లచ్ లేదని సంబరపడి కొన్న బండి

బండి కొని నాలుగు నెలలైంది. మొదట్లో ఎవరడిగినా "ఆటోమేటిక్ అండీ" అని కొంచెం గొప్పగానే చెప్పుకున్నాను. ఇప్పుడు "ఏఎంటీ", అంటే గేర్లు తనే మార్చుకునే మాన్యువల్ అని ఊరుకుంటున్నాను.

నా ఎడమ మోకాలు వల్ల వచ్చింది ఇదంతా. పన్నెండేళ్ళు చిన్న పెట్రోలు కారు నడిపాను. విశాఖలో గోపాలపట్నం నుంచి మా కాలేజీకి ఐదు కిలోమీటర్లే గానీ, దారిలో ఎన్ఏడీ జంక్షన్ ఉంది. ఫ్లైఓవర్ వచ్చాక నయమేగానీ, తొమ్మిది గంటలకి ఆ కింద క్లచ్ తొక్కి వదలడం, మళ్ళీ తొక్కడం, ఇదే పని. మోకాలు వాచింది. డాక్టరు మెట్లు, క్లచ్ రెండూ తగ్గించమన్నాడు. మా ఆయనకి డ్రైవింగ్ రాదు, బండ్ల గురించి సలహాలు మాత్రం బాగా వచ్చు. "డీజిల్ తీసుకో, లీటరుకి ఇరవై పైనే ఇస్తుంది" అన్నారు. బెంగళూరులో ఉన్న పెద్దాడు "అమ్మా, ఏఎంటీ వద్దు, టార్క్ కన్వర్టర్ ఉన్నది చూడు" అన్నాడు. అంటే క్లచ్ ప్లేటు బదులు నూనెతో పనిచేసే అసలు ఆటోమేటిక్. వాడు చెప్పిన బండ్ల ధరలు చూసి ఫోను పక్కన పెట్టేశాను.

చివరికి హైదరాబాదులో 2018 మోడల్ డీజిల్ ఏఎంటీ దొరికింది. ఒకే ఓనరు, 68 వేల కిలోమీటర్లు, ఐదు లక్షల నలభై వేలు. కంపెనీ పేరు రాయను. అదే బండి ఉన్నవాళ్ళు నాతో గొడవకొస్తారు, పైగా వాళ్ళకి అన్నీ బాగానే ఉండి ఉండొచ్చు.

మొదటి రోజే ఇబ్బంది పెట్టింది నా కాలే. సిగ్నల్ దగ్గర ఆగబోతూ అలవాటుగా ఎడమ కాలు క్లచ్ కోసం వెతికింది. క్లచ్ లేదు కదా, పక్కనే ఉన్న వెడల్పాటి బ్రేకు పెడల్ దొరికింది. దాన్ని క్లచ్ తొక్కినట్టు పూర్తిగా తొక్కేశాను. బండి ఉన్నచోటే నిలబడిపోయింది. వెనక ఆటో అతను అన్నది ఇక్కడ రాయలేను. ఆ తర్వాత రెండు వారాలు ఎడమ కాలు సీటు కిందికి మడిచి పెట్టుకుని నడిపాను.

ఇక తల ఊపడం. ఒకటో గేరు నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఒక్క క్షణం బండిలో ఊపిరి ఆగినట్టవుతుంది. మనం ముందుకి వాలతాం, గేరు పడగానే వెనక్కి పడతాం. వెనక సీట్లో మా అత్తయ్య గంగిరెద్దులా తలాడిస్తూ "అమ్మాయ్, నువ్వు బాగానే నడిపేదానివి కదా, ఇప్పుడేమైంది?" అని అడిగారు. తప్పు బండిదమ్మా అంటే నమ్మలేదు.

నమ్మేలా చెప్పింది కంచరపాలెం మెకానిక్కు. మొదట్లో నేను అడిగినదానికి మా ఆయన వైపు తిరిగి జవాబు చెప్పేవాడు. నడిపేది నేనని మూడోసారికి గానీ ఎక్కలేదు. "ఇది ఆటోమేటిక్ కాదండి మేడమ్. మామూలు గేరు బండే. అదే గేర్‌బాక్సు, అదే క్లచ్ ప్లేటు. మీ ఎడం కాలు బదులు లోపల ఒక మోటారు తొక్కుతాది, అంతే. అది తొక్కుతున్నప్పుడు మీరు ఎక్స్‌లేటర్ మీద కూచుంటే ఏటవుతాది?" అన్నాడు. నిజమే, గేరు బండిలో గేరు మార్చేటప్పుడు కుడి కాలు తేలిక చేసేవాళ్ళం కదా. ఇక్కడా అదే చేయాలి. ఇంజను చప్పుడు విని, ఇప్పుడు మారుస్తుంది అనిపించగానే కాలు కాస్త ఎత్తితే తలలు ఊగవు. కాలేజీ నుంచి ఇంటికొచ్చేలోపు ఎన్నిసార్లు సరిగ్గా కుదిరిందో లెక్కపెట్టుకునేదాన్ని. 2014లో మారుతి సెలేరియో కారుతో ఈ ఏఎంటీ మన దేశంలో మామూలు జనానికి అందింది, ఇన్నేళ్ళలో ఇంత చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

మా బండిలో పార్కింగ్ గేరు కూడా లేదు. ఆర్ (రివర్సు), ఎన్ (న్యూట్రల్), డి (ముందుకి నడపడానికి), పక్కన ఎమ్ (గేర్లు మనమే మార్చుకోవడానికి), అంతే. ఎన్‌లో ఆపేసి దిగితే, నేల కాస్త వాలుగా ఉన్నా హ్యాండ్‌బ్రేకు ఒక్కదాని మీదే ఆధారపడాలి. డి-లో పెట్టి ఇంజను ఆపితే గేరు పట్టుకుని ఉంటుంది. మళ్ళీ స్టార్ట్ చేయాలంటే ఎన్‌కి తెచ్చి, బ్రేకు తొక్కి ఉంచాలి. ఈ బ్రేకు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దాని దగ్గరికి.

సింహాచలం సంగతి. ఒక శనివారం అత్తయ్యని తీసుకుని అడివివరం వైపు నుంచి కొండెక్కుతున్నాను. ముందు వ్యాను ఆగింది, నేనూ ఆగాను. వ్యాను కదిలాక బ్రేకు వదిలి ఎక్స్‌లేటర్ మీద కాలు పెట్టేలోపు బండి వెనక్కి జారింది. రెండడుగులే జారి ఉంటుంది. వెనక బైకు మీద చిన్న పిల్లతో ఒక జంట. అత్తయ్య "నరసింహా" అని అరిచారు. భయపడి, తర్వాతి ఆగుడులో బ్రేకు తొక్కకుండా, ఎక్స్‌లేటర్ కొద్దికొద్దిగా ఇస్తూ బండిని వాలు మీదే నిలబెట్టాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. పైకి చేరేసరికి రబ్బరు కాలినట్టు వాసన. ఆ నిలబెట్టినంతసేపూ క్లచ్ ప్లేటు సగం పట్టి రాసుకుంటూ ఉంటుందట. "అలాగ ఐదారు సార్లు ఎక్కితే ప్లేటు ఉండదండి" అన్నాడు మెకానిక్కు. వాలు మీద హ్యాండ్‌బ్రేకు వేయాలి, ఎక్స్‌లేటర్ ఇచ్చి, బండి ముందుకి లాగుతున్నట్టు తెలిశాక హ్యాండ్‌బ్రేకు దించాలి. డ్రైవింగ్ స్కూల్లో మొదటి వారం నేర్పింది ఇదే. క్లచ్ లేని బండి కొని క్లచ్ పాఠం మళ్ళీ నేర్చుకున్నాను.

డీజిల్ గొడవ వేరు. ఐదు కిలోమీటర్లు పోయి ఆపేస్తే ఇంజను సరిగ్గా వేడెక్కనే ఎక్కదు. మూడో నెలలో లాగడం తగ్గింది, అద్దంలో చూస్తే వెనక నల్ల పొగ. పొగలో కొంత మళ్ళీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు నిండా మసి. విప్పి చూపిస్తే మా అమ్మ కట్టెల పొయ్యి మీద వాడిన గిన్నె అడుగు గుర్తొచ్చింది. శుభ్రం చేయడానికి మూడున్నర వేలు. వారానికి ఒకసారైనా హైవే మీద గట్టిగా తోలమన్నాడు మెకానిక్కు. అందుకని ఆదివారం పొద్దున్నే విజయనగరం వెళ్ళొస్తున్నాం, పని లేకపోయినా. మైలేజీ మిగులుతుందని డీజిల్ బండి కొని, దాని ఆరోగ్యం కోసం డీజిల్ కాలుస్తున్నాం. ఈ మాట అంటే మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటారు. హైవే మీద మాత్రం ఇరవై రెండు ఇస్తోంది, అది ఒప్పుకోవాలి. కాకపోతే ఆనందపురం దాటాక లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ముందే ఎమ్‌లో పెట్టుకుని గేరు తగ్గించాలి. డి-లో ఉంచి తొక్కితే బండి కాసేపు ఆలోచించి, అప్పుడు గేరు తగ్గించి, ఆ తర్వాత టర్బో లేచి ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. అప్పటికి ఎదురు లారీ దగ్గరికొచ్చేసి ఉంటుంది.

ఇప్పుడు బ్రేకు సంగతి. గత నెల ఒక రోజు కాలేజీ గేటు లోపల కీ తిప్పితే డాష్‌బోర్డులో దీపాలన్నీ వెలిగాయి, సెల్ఫ్ మాత్రం అందుకోలేదు. బ్యాటరీ అనుకుని ఎవరిదో బండి నుంచి వైర్లు కలిపారు. లాభం లేదు. ఒక సర్వీస్ సెంటర్ నుంచి వచ్చిన సూపర్‌వైజరు బానెట్ కూడా ఎత్తకుండా "ఏఎంటీ కదా మేడమ్, యాక్చుయేటర్ పోయుంటుంది, యాభై రెండు వేలవుతుంది, బండి లాక్కెళ్ళాలి" అన్నాడు. నా ఎడం కాలు బదులు తొక్కే ఆ లోపలి మోటారన్నమాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఒకటి గుర్తొచ్చింది. రెండు రోజుల కిందట సిగ్నల్ దగ్గర ఒక ఆటో అబ్బాయి "అమ్మా, మీ బ్రేకు లైట్లు వెలగట్లేదు" అన్నాడు. బల్బులేమో, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. మెకానిక్కుకి ఫోన్ చేసి అది చెప్పాను. పెద్దగా నవ్వాడు. పెడల్ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. వెనక దీపాలు వెలిగించేదీ అదే, నేను బ్రేకు తొక్కానని బండికి చెప్పేదీ అదే. అది చచ్చిపోతే నేనెంత తొక్కినా బండికి తెలియదు, స్టార్ట్ అవదు. స్విచ్ మూడు వందల యాభై, ఆటో చార్జీ వంద. పనంతా పది నిమిషాలు.

ఆర్‌సీ ఇంకా రాలేదు. తెలంగాణ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చుకోవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, అప్పుడు ఏపీ నంబరు. ధర మాట్లాడుకునేటప్పుడు ఈ లెక్క వేసుకోలేదు. ఇంకా టీఎస్ నంబరుతోనే తిరుగుతున్నాను, ఎక్కడ ఆపినా అవే కాగితాలు చూపిస్తున్నాను.

మోకాలు వాపు తగ్గింది. అది నిజం.

మొన్న మెకానిక్కు స్కానర్ పెట్టి చూసి, క్లచ్ ప్లేటు దసరా దాకా రావొచ్చన్నాడు. మార్చాక కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించాలట, ఆ స్కానర్ లేనివాళ్ళ చేత చేయించొద్దన్నాడు. "అందాక కొండ ఎక్కీకండి మేడమ్" అని కూడా అన్నాడు. ఇంటికొచ్చి, వచ్చే శనివారం దర్శనం కుదరదేమో అని అత్తయ్యకి ఎలా చెప్పాలా అని నసుగుతుంటే ఆవిడే అందుకున్నారు.

"నువ్వు బెంగ పెట్టుకోకమ్మా. కింద నుంచి బస్సుంది కదా, నేను బస్సులోనే వెళ్తాను."