పడుకున్న మనిషి వైపు నుంచి ఆస్పత్రి

నాకొచ్చింది ఊపిరితిత్తుల టీబీ. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రిళ్లు బట్టలు తడిసిపోయేంత చెమట, ఎంతకీ తగ్గని దగ్గు. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని ఎక్స్‌రేలో తేలింది. కళ్లె పరీక్షలో క్రిములు కనిపించాయి. నీరు తీయాలని ఆస్పత్రిలో చేర్చుకున్నారు. నాకు నయం చేసింది మందులే, అందులో అనుమానం లేదు. అయితే ఆ జబ్బుతో పాటు ఆ భవనాన్ని కూడా భరించాల్సి వచ్చింది. ఆ సంగతి ఎక్కడా రాసినట్టు కనిపించదు కాబట్టి రాస్తున్నాను.

చేరకముందు ఓపీ దగ్గర కూర్చోబెట్టారు. ఇరుకైన నడవా, రెండువైపులా గదుల తలుపులు, కిటికీ అన్నది లేదు. దగ్గుతున్నవాళ్లం, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు అందరం అవే బెంచీల మీద. మాస్కు పెట్టుకుని మొహం గోడవైపు తిప్పుకున్నాను. పక్కనే ఒకామె ఒళ్లో పసిబిడ్డ.

"కొంచెం దూరంగా కూర్చోండమ్మా, నాకు దగ్గు" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసి, "ఎక్కడికి జరగమంటారండీ?" అంది. నిజంగానే జరగడానికి చోటు లేదు.

టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది. దగ్గినప్పుడు వచ్చే సన్నటి తుంపరలు గాలాడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. దక్షిణాఫ్రికాలోని టుగెలా ఫెర్రీలో మందులకు లొంగని టీబీ బయటపడినప్పుడు, ఆ రకం సోకిన 53 మందిలో 52 మంది చనిపోయారు. చాలామందికి అది ఆస్పత్రిలోనే అంటి ఉండొచ్చని 2006లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఈ సంగతి కోలుకున్నాక చదివాను. చదువుతున్నంతసేపూ ఆ పసిబిడ్డే కళ్లముందు మెదిలింది.

ఇక వార్డు. వీపులోంచి సూది గుచ్చి పసుపుపచ్చటి నీరు తీశారు. ఆ తర్వాత కొన్నాళ్లు మంచం దిగితే ఆయాసం. అప్పుడు తెలిసింది, ఆ గది నిలబడి తిరిగేవాళ్ల కోసం కట్టిందని. కిటికీ గట్టు నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తున ఉంది. పడుకుంటే కనిపించేది తెల్లటి కప్పు, సరిగ్గా కళ్లకు ఎదురుగా ట్యూబ్‌లైటు. చెయ్యి అడ్డం పెట్టుకుందామంటే చేతికి సెలైన్ సూది. మూలనున్న సింకులో రాత్రి ఎవరు చెయ్యి కడుక్కున్నా, రేకు మీద నీళ్లు పడ్డ చప్పుడుకి వార్డంతా మేలుకునేది.

టీబీకి మందే లేని రోజుల్లో ఈ చప్పుడు గురించి ఆలోచించినవాళ్లున్నారు! ఫిన్లాండ్‌లో 1933లో తెరిచిన పైమియో శానటోరియం, అంటే టీబీ రోగుల ఆస్పత్రి, ప్లాను గీసింది ఆల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్టు. పక్క మంచం మనిషికి నిద్రాభంగం కాకుండా, నీళ్లు చప్పుడు లేకుండా జారేలా వాష్‌బేసిన్‌ను వాలుగా చేయించారు. రోగి రోజంతా చూసేది కప్పునే కాబట్టి దానికి కళ్లకు హాయినిచ్చే ముదురు రంగు వేశారు. దీపం కళ్లలో పడని చోట పెట్టారు. వీటన్నిటిలోకీ నాకు గొప్పగా అనిపించేది ఆ బేసినే. పక్కవాడి నిద్రని కూడా వైద్యంలో భాగం అనుకున్నారన్నమాట.

కిటికీ కూడా చిన్న విషయం కాదు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవాళ్ల కంటే త్వరగా ఇళ్లకు వెళ్లారని, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారని రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ప్రచురించారు. అది 46 మంది మీద చేసిన చిన్న అధ్యయనమే, కానీ నాకు దాన్ని నమ్మడం కష్టం కాలేదు. బుర్కినా ఫాసోలోని లావోంగోలో ఆర్కిటెక్టు ఫ్రాన్సిస్ కేరే కట్టిన ఆరోగ్య కేంద్రంలో కిటికీలు రకరకాల ఎత్తుల్లో ఉంటాయి: నిలబడ్డవాళ్లకు, కూర్చున్నవాళ్లకు, పడుకున్నవాళ్లకు.

ఇవన్నీ చదువుతూ నేను ఎక్కువసేపు ఆగిపోయింది మాత్రం రువాండాలోని బుటారో ఆస్పత్రి దగ్గర. 2011లో తెరిచారు. అక్కడ నడవాలు భవనం బయట ఉంటాయి, గాలి తగిలేలా. వార్డు మధ్యలో పొట్టి గోడ కట్టి మంచాల తలవైపు దానికి ఆనించారు, దాంతో ప్రతి రోగి మొహమూ కిటికీ వైపే. గోడలకు వాడింది పొలాలకు అడ్డమని రైతులు ఏరి పారేసే అగ్నిపర్వతపు రాయి. దాన్ని చెక్కి పేర్చింది ఆ చుట్టుపక్కల మేస్త్రీలే. తాము కట్టిన ఆస్పత్రిలోకి జబ్బుతో నడిచి వెళ్లాలంటే బెరుకు తగ్గుతుంది. టీబీ అంటేనే మొహం చాటేసే మనుషుల మధ్య బతికినదాన్ని, అది ఎంత పెద్ద సాయమో నాకు తెలుసు.

నా చికిత్స 6 నెలల కోర్సు. మొదట్లో వాంతులు, నోట్లో చేదు. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్ల మూత్రం ఎర్రగా వస్తుందని నర్సు ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, మెట్లు ఆగకుండా ఎక్కగలిగాను. వార్డులో ఉన్నన్నాళ్లూ తోడున్న మా అక్కకి మాత్రం కూర్చోవడానికి ఒక స్టూలు కూడా దొరకలేదు. ఆ నడుం నొప్పి తనకింకా ఉంది.

ఇప్పుడు అదే ఆస్పత్రికి కొత్త బ్లాకు కడుతున్నారు. ప్లాను ఖాయం కాకముందే పాత రోగుల్ని, నర్సుల్ని, శుభ్రం చేసేవాళ్లని పిలిచి అడిగారు. నేను కిటికీ గట్టు గురించి, లైట్ల గురించి చెప్పాను. వార్డు తుడిచే ఆవిడ, "కుళాయి ఆ చివరెక్కడో పెట్టారయ్యా, బకెట్లు మోయడంతోనే ఓపికంతా పోతోంది" అంది. ఇంజినీరు అక్కడికక్కడే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు. దగ్గుతో వచ్చేవాళ్లు కూర్చోవడానికి బయట పైకప్పుతో విడిగా చోటు ఖాయమైంది. కిటికీలు కిందికి దించడానికి ఒప్పుకున్నారు. తోడుండేవాళ్ల గది సంగతి ఇంకా తేలలేదు. వచ్చే మీటింగుకి అక్క కూడా వస్తానంది.