అమ్మ వేసిన సెంటు లెక్క

థాంక్స్‌గివింగ్ సెలవులకు శాన్ ఆంటోనియో అనుకున్నది మా ఆయన. అలామో కోట, నది ఒడ్డున రివర్ వాక్, శుక్రవారం రాత్రి నదిలో దీపాల పడవల ఊరేగింపు. డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తీసుకెళ్ళే ఊళ్ళలో అదొకటి. మా అమ్మ వచ్చి అప్పటికి రెండు నెలలైంది. నాకు మాత్రం ఆ ఊళ్ళో ఇంకో పని ఉంది. అది మా వంటింటి గట్టు దగ్గర పుట్టిన పని.

బయల్దేరడానికి వారం ముందు ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది. ముప్పై రెండేళ్ళు మండల పరిషత్ బళ్ళలో పాఠాలు చెప్పిన మనిషి, కాగితం చేతికొస్తే వదలదు.

"సిటీకి ఇంత, కౌంటీకి ఇంత, కాలేజీకి ఇంత... ఇదేంటే, సగం దాకా స్కూలుకేనా?"

అవునన్నాను. టెక్సాస్‌లో రాష్ట్రానికి ఇన్‌కమ్ టాక్స్ లేదని, బడి డబ్బులో పెద్ద భాగం ఇళ్ళ మీద, స్థలాల మీద వేసే పన్ను నుంచే వస్తుందని చెప్పాను.

"మరి ఇళ్ళకు విలువ లేని చోట బడి ఎట్లా నడుస్తుంది?"

"మన దగ్గర కొంత తీసుకుని వాళ్ళకిస్తారులే అమ్మా" అన్నాను. అంటున్నప్పుడే నా గొంతు నాకు నచ్చలేదు. తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసే పాట్‌లక్‌లలో మేమంతా అనుకునే మాటే, అదే విసుగుతో అన్నాను. దీన్ని రీక్యాప్చర్ అంటారు, జనం వాడుకలో రాబిన్ హుడ్. మా ప్లానో స్కూల్ డిస్ట్రిక్ట్ ఏళ్ళ తరబడి రాష్ట్రానికి కడుతూనే ఉంది. "మన పిల్లల డబ్బు ఎటో పోతోంది" అని నేనూ చాలాసార్లు అన్నాను. అసలు ఆ గొడవ మొదలైన చోటు శాన్ ఆంటోనియోలోనే, మా ఇంటికి ఐదు గంటల దూరంలో ఉంది. ఈ దేశం వచ్చి పదకొండేళ్ళయినా వెళ్ళి చూడలేదు. రివర్ వాక్‌కి మాత్రం మూడుసార్లు వెళ్ళాను.

గురువారం పొద్దున పులిహోర డబ్బాతో బయల్దేరాం. ఐ-35 మీద వేకో దాటేదాకా ట్రాఫిక్ బాగానే ఉంది, ఆస్టిన్ దగ్గర ఇరుక్కుపోయాం. కార్లు కదలని ఆ గంటలో అమ్మకు కథంతా చెప్పాను.

ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా లాంటిది కాదు. దాని హద్దులు వేరు, ఎన్నికైన బోర్డు వేరు, పన్ను వేసే అధికారం వేరు. శాన్ ఆంటోనియో ప్రాంతంలోనే ఇలాంటివి పదికి పైగా ఉన్నాయి. ఊరికి పడమటి వైపున్నది ఎడ్జ్‌వుడ్, ఉత్తరాన ఉన్నది అలామో హైట్స్. 1968 మే 16న ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ పిల్లలు దాదాపు 400 మంది క్లాసుల్లోంచి లేచి సూపరింటెండెంట్ ఆఫీసుకు నడిచారు. పగిలిన కిటికీలు, ట్రైనింగ్ లేని టీచర్లు, అదీ వాళ్ళ గోడు. ఆ తర్వాత తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. కేసుకు పేరిచ్చినాయన దెమెత్రియో రోడ్రిగెజ్, మాజీ సైనికుడు, కెల్లీ ఎయిర్ ఫోర్స్ బేస్‌లో రేకుల పనివాడు. ఆయన కొడుకులు ఎడ్జ్‌వుడ్‌లోనే చదువుకుంటున్నారు.

"ట్రైనింగ్ లేని టీచర్లంటే మన విద్యా వాలంటీర్ల లాగానా?" అంది అమ్మ. దాదాపు అంతే. అప్పట్లో ఎడ్జ్‌వుడ్ టీచర్లలో 47 శాతం మంది ఎమర్జెన్సీ పర్మిట్ మీద పనిచేసేవాళ్ళు. అలామో హైట్స్‌లో 11 శాతం.

కోర్టు కాగితాల్లో ఉన్న ఇంకో లెక్క చెబితే అమ్మ నమ్మలేదు. 1967-68లో ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో విద్యార్థికి పన్ను వేయగల ఆస్తి 5,960 డాలర్లు, అలామో హైట్స్‌లో 49,000 పైన. ఎడ్జ్‌వుడ్ జనం తమ మీద తాము వేసుకున్న పన్ను ఆ ఊరి ప్రాంతం మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ, వంద డాలర్ల ఆస్తికి 1.05 డాలర్లు. అలామో హైట్స్‌లో 85 సెంట్లే. అయినా అన్ని బడులకూ కనీస ఖర్చు అందేలా రాష్ట్రం పెట్టిన పథకానికి కట్టాల్సిన వాటా పోగా ఎడ్జ్‌వుడ్‌కు పిల్లవాడికి 26 డాలర్లు మిగిలేవి, అలామో హైట్స్‌కు 333. రాష్ట్రం, కేంద్రం ఇచ్చేవి కలిపినా ఒకచోట 356, ఇంకోచోట 594.

"ఎక్కువ పన్ను కట్టినవాళ్ళకే తక్కువ వచ్చిందా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను.

మర్నాడు శుక్రవారం. మా ఆయన పొద్దున్నే అలామోకి టికెట్లు తీశారు. మా వాడికి అక్కడి ఫిరంగులు నచ్చాయి. అలామో గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు, నేను ముందుకు వెళ్తాను.

మధ్యాహ్నం బ్రాడ్‌వే వీధి పట్టుకుని అలామో హైట్స్‌కు వెళ్ళాం. రోడ్డు మీదికి వంగిన ఓక్ చెట్లు, రాతి ఇళ్ళు, కత్తిరించి దువ్వినట్టున్న గడ్డి. హైస్కూల్ బ్రాడ్‌వే మీదే ఉంది. సెలవు కాబట్టి గేట్లు మూసి ఉన్నాయి. అమ్మ కారు దిగి కాసేపు చూసి, "మంచి బడి" అంది. ఆ మాటలో ఏ అసూయా లేదు, టీచర్ మెచ్చుకున్నట్టే మెచ్చుకుంది. నాకూ ఆ బడి మీద కోపం రాలేదు. అక్కడి పిల్లలకు అందినది వాళ్ళ హక్కే.

అక్కణ్ణుంచి ఎడ్జ్‌వుడ్‌కు ఇరవై నిమిషాలు. డౌన్‌టౌన్ దాటి, హైవే కింది నుంచి పడమటికి తిరగ్గానే బోర్డులు స్పానిష్‌లోకి మారాయి. టైర్ల కొట్లు, చిన్న చిన్న చెక్క ఇళ్ళు, ఇనప జాలీ కంచెలు. కొన్ని ఇళ్ళ ముందు గ్వాదలూపే మేరీమాత బొమ్మలు, వాటి ముందు ప్లాస్టిక్ పూలు. ఒక బేకరీ దగ్గర ఆగాం. కౌంటర్ వెనకున్న పెద్దావిడ అమ్మ చీర చూసి నవ్వి ఏదో అడిగింది. మా వాడు స్కూల్లో నేర్చుకున్న స్పానిష్‌తో అమ్మమ్మ టీచరని చెప్పాడు. "మాయెస్త్రా!" అందావిడ.

"మేష్టారు అన్నట్టే ఉందే" అంది అమ్మ. ఆ సాయంత్రమంతా ఆ మాట అనుకుంటూనే ఉంది.

బేకరీకి దగ్గర్లోనే ఒక ప్రాథమిక పాఠశాల కనిపించింది. నేను మనసులో కూలిపోయే గోడలు ఊహించుకుని వెళ్ళాను. అలా లేదు. రంగు వేసిన గోడలు, శుభ్రమైన ఆవరణ, ఆటస్థలం.

"బానే ఉందిగా?" అంది అమ్మ.

బానే ఉంది. కానీ అలా ఉండటానికి ఎన్నేళ్ళు పట్టిందో చెప్పాలి. రోడ్రిగెజ్ 1971లో ముగ్గురు ఫెడరల్ జడ్జీల ముందు గెలిచాడు. 1973 మార్చి 21న సుప్రీంకోర్టులో 5-4 తేడాతో ఓడిపోయాడు. చదువు అమెరికా రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని జస్టిస్ పావెల్ రాశారు. నల్లజాతి పిల్లల బడుల కోసం 1954లో బ్రౌన్ కేసు గెలిచిన లాయరే అప్పటికి అదే కోర్టులో జడ్జి. ఆ థర్గుడ్ మార్షల్ గట్టిగా విభేదించారు, కానీ ఒక్క ఓటు తక్కువైంది. ఆ ఒక్క ఓటుతో ఈ దేశంలోని పేద డిస్ట్రిక్టులన్నిటికీ ఫెడరల్ కోర్టు తలుపు మూసుకుపోయింది. ఇంకెవరి రాష్ట్రంలో వాళ్ళు కొట్లాడుకోవలసిందే.

ఎడ్జ్‌వుడ్ మళ్ళీ కొట్లాడింది. 1984లో రాష్ట్ర కోర్టులో కేసు వేసింది. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. శాసనసభ చేసిన చట్టాలు ఒకదాని తర్వాత ఒకటి కోర్టులో నిలవలేదు. చివరికి 1993లో వచ్చిందే రాబిన్ హుడ్. మేం పాట్‌లక్‌లలో తిట్టుకునేది దాన్నే. పిల్లలు క్లాసుల్లోంచి నడిచిన రోజు నుంచి పాతికేళ్ళు. ఆ పిల్లల పిల్లలు బడికి వచ్చే వయసు.

కారులో కూర్చున్నాక అమ్మ బ్యాగులోంచి తన చిన్న నోటుబుక్కు తీసింది. "1989 నాటి అంకెలు చెప్పు" అంది. ఫోన్లో తీర్పు వెతికి చదివాను. అప్పటికి ఎడ్జ్‌వుడ్‌లో విద్యార్థికి ఆస్తి విలువ 38,854 డాలర్లు, అలామో హైట్స్‌లో 5,70,109. అమ్మ నల్లబల్ల మీద వేసినట్టే కాగితం మీద అడ్డగీత గీసింది. వంద డాలర్లకు ఒక్క సెంటు పన్ను పెంచితే ఎంతొస్తుంది? ఎడ్జ్‌వుడ్‌లో పిల్లవాడికి 3 డాలర్ల 89 సెంట్లు. అలామో హైట్స్‌లో 57 డాలర్లు. మా వాడి చేత రెండోసారి వేయించింది, తప్పు లేదని తేలాక కింద రెండు గీతలు గీసింది.

"ఇద్దరూ పెట్టింది ఒక్క సెంటే" అంది.

రీక్యాప్చర్ ఆ తేడాను చాలావరకు తగ్గించింది. కానీ అది పనిచేసేది జీతాలు, రోజువారీ ఖర్చుల పన్ను మీద మాత్రమే. భవనాల కోసం బాండ్లు అమ్మి, ఆ అప్పు తీర్చడానికి వేసుకునే పన్ను దాని కిందికి రాదు. పేద డిస్ట్రిక్టులకు రాష్ట్రం కొంత సాయం చేస్తుంది, అది సరిపోయేది కాదు. మా పక్క ఊరు ఆలెన్‌లో ఉన్న ఈగిల్ స్టేడియం అమ్మ అప్పటికే చూసింది. హైస్కూల్ పిల్లల ఫుట్‌బాల్‌కి 18,000 సీట్లు, 6 కోట్ల డాలర్ల ఖర్చు, 2012లో బాండ్ డబ్బుతో కట్టారు. ఆ ఊరి జనం ఓటేసి, తమ పన్నుతో కట్టుకున్నారు, తప్పు పట్టను. కానీ అలాంటి బాండుకు ఎడ్జ్‌వుడ్ జనం ఎన్ని సెంట్లు వేసుకోవాలో అమ్మ నోటుబుక్కులో ఉంది.

రీక్యాప్చర్ మీద నాకిప్పుడున్న ఫిర్యాదు వేరు. ఇళ్ళ ధరలు పెరిగేకొద్దీ ఊళ్ళ మీది భారం పెరిగి, రాష్ట్ర ఖజానా మీది భారం తగ్గుతూ వచ్చింది. ఊళ్ళకూ ఊళ్ళకూ మధ్య తగవు పెట్టి రాష్ట్రం తన చెయ్యి వెనక్కి తీసుకున్నట్టే. 2016లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఈ పద్ధతిలో లోపాలున్నాయంటూనే, రాజ్యాంగం అడిగే కనీసం మేరకు సరిపోతుందని వదిలేసింది. కనీసం అన్న మాట నాకు మింగుడు పడలేదు. మన పిల్లల కోసం ఇల్లు కొనేటప్పుడు కనీసం సరిపోయే బడి ఉంటే చాలని ఎవరైనా వెతుకుతామా? ప్లానోలో మా ఇల్లు కొన్నప్పుడు నేను వంటిల్లు కూడా సరిగా చూడలేదు. స్కూల్ రేటింగ్ చూసి సంతకం పెట్టాను.

రాత్రి రివర్ వాక్ మీద జనం. వంతెన దగ్గర చోటు దొరికించుకుని కూర్చున్నాం. దీపాల పడవలు వచ్చేలోపు అమ్మ తన సంగతి చెప్పింది.

"నేను కనిగిరి పక్క పనిచేసినా, తెనాలి పక్క పనిచేసినా నా స్కేలు ఒకటే. జీతం ట్రెజరీ నుంచే వచ్చేది. ఊళ్ళో మేడలున్నాయా, పాకలున్నాయా అని ఎవరూ అడగలేదు. ఆపరేషన్ బ్లాక్ బోర్డ్ వచ్చినప్పుడు మా బడికీ గ్లోబు వచ్చింది. కానీ రోడ్డు లేని ఊళ్ళో ఎవరూ ఆగేవాళ్ళు కాదు. నాలుగో కేటగిరీ అని ట్రాన్స్‌ఫర్ పాయింట్లు ఎక్కువిచ్చేవాళ్ళు. పాయింట్లు చేరగానే రోడ్డు పక్కకు వచ్చేసేవాళ్ళం. నేనూ వచ్చేశాను." కాసేపాగి మళ్ళీ అంది. "ఆ తర్వాత ఊళ్ళో కలిగినవాళ్ళు పిల్లల్ని కాన్వెంటుకు పంపేశారు. నిన్నూ పంపానుగా."

ఆ మాట తను ఎప్పుడూ అనలేదు. నేను అమ్మ బడిలో రెండో తరగతి దాకా చదివాను. మూడో తరగతికి ఒంగోలులో ప్రైవేటు స్కూలు, ఆటో. అమ్మ రోజూ నన్ను ఆటో ఎక్కించి, తను బస్సెక్కి వేరేవాళ్ళ పిల్లలకు పాఠం చెప్పడానికి వెళ్ళేది. నేను ప్లానోలో ఇల్లు కొని చేసిన పనే అమ్మ ఆటో చార్జీ పెట్టి చేసింది.

దెమెత్రియో రోడ్రిగెజ్ 2013లో చనిపోయాడు. ఆయన కూతురు ఎడ్జ్‌వుడ్‌లోనే టీచరైంది. ఆ సంగతి చెబితే అమ్మ "మాయెస్త్రా" అంది మెల్లగా. అప్పుడే మొదటి పడవ వచ్చింది, మా వాడు అరిచాడు.

ఇంటికొచ్చిన మర్నాడు మా వాడు అమ్మమ్మ లెక్కను ఈ ఏటి అంకెలతో మళ్ళీ వేశాడు, ఈసారి ప్లానోకి, ఎడ్జ్‌వుడ్‌కి. ఆ కాగితం ఫ్రిజ్ మీద, టాక్స్ బిల్లు పక్కనే అయస్కాంతం పెట్టి అంటించాడు. బిల్లు కట్టడానికి జనవరి 31 దాకా గడువుంది. ఆలోపు పాట్‌లక్ ఒకటి మా ఇంట్లో పెట్టుకున్నాం, పన్నెండు కుటుంబాలు. "అందరూ వచ్చే రోజు ఆ కాగితం తీసేద్దామా?" అని మా ఆయన అడిగారు.

ఉండనివ్వండి అన్నాను.